‘మొగుడు వదిలేసిన ఆడది’ అని రాయకండి: ఫిల్మ్ సొసైటీ కార్యవర్గానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యవర్గ సభ్యులకు,

నమస్కారం. వచ్చే నెల మీరు ప్రదర్శించబోతున్న ‘ర్యాగెడీ మ్యాన్’ అనే 1981 నాటి అమెరికన్ చిత్రానికి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్న పిల్లల్లో ఒకరు, నేను టెలిఫోన్ శాఖలో ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యానని ఎవరి ద్వారానో విని, పది రోజుల క్రితం తమ చిత్తుప్రతిని నాకు పంపించి, సాంకేతికమైన మాటలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసిపెట్టమని అడిగారు. సాంకేతికమైన మాటల్లో పెద్ద తప్పులేమీ లేవు. తప్పులున్నవి మామూలు మాటల్లో. వాటిని ఎర్ర సిరాతో దిద్ది పంపితే, కార్యవర్గం తరఫున ‘ఇంత చిన్న విషయాలకు ఇప్పుడు సమయం లేదు’ అని రెండు వాక్యాల జవాబు వచ్చింది. అవి చిన్న విషయాలు కావని నా అభిప్రాయం. పాతికేళ్ళుగా చందా కడుతున్న సభ్యురాలిగా, ఆ సంగతి నలుగురికీ తెలిసేలా చెప్పదలచి ఈ బహిరంగ లేఖ రాస్తున్నాను.

ముందు మీ పరిచయ పత్రం సంగతి. అందులో మొదటి వాక్యం ‘మొగుడు వదిలేసిన ఓ ఆడది, ఇద్దరు మగపిల్లలతో’ అని మొదలవుతుంది. సబ్‌టైటిల్స్‌లోనూ ఆ ‘వదిలేసిన’ అనే మాట మూడు చోట్ల ఉంది. ఇంగ్లీషులో ఆమె విడాకులు తీసుకున్న స్త్రీ. ఈ రెండూ ఒకటే కదా అని మీరనుకుంటే, వ్యాకరణం దగ్గరే ఆగి చూడండి. ‘వదిలేసిన’ అన్నప్పుడు కర్త మగవాడు. ఆమె అతని చేతిలోంచి జారవిడిచిన వస్తువు. విడాకులంటే ఒక న్యాయస్థానం ఇద్దరికీ సమానంగా ఇచ్చిన తీర్పు. విడాకులన్న మాటలో ఆకు ఉంది; తాటాకు మీద రాసుకున్న కాలపు వాసన నా ముక్కుకు తగులుతుంది. రాతకోతలతో, సాక్షులతో తెగిన బంధానికీ, చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయిన మగవాడి చర్యకూ ఒకే మాట వాడడం తెలుగుకు తెలియక కాదు, మనకు అలవాటై.

అలవాటుకు కారణం లేకపోలేదు. ఈ కథ జరిగిన 1944లో మన కోస్తా జిల్లాల్లో ఒక హిందూ స్త్రీ కోర్టుకు వెళ్ళి విడాకులు కోరే చట్టమే లేదు. మద్రాసు రాష్ట్రంలో ఆ అవకాశం 1949 చట్టంతో వచ్చింది. దేశమంతటికీ 1955 హిందూ వివాహ చట్టంతో వచ్చింది. ఇద్దరూ ఒప్పుకొని విడిపోయే వీలు 1976 సవరణతో గాని రాలేదు. కొన్ని కులాల్లో పెద్దమనుషుల ముందు తెగతెంపులు చేసుకొని మారుమనువు వెళ్ళే ఆచారం అంతకు ఎంతో ముందు నుంచీ ఉంది గాని, చదువుకున్నవాళ్ళ తెలుగు ఆ ఆచారాన్ని ఎప్పుడూ గౌరవంగా పలకలేదు. కాబట్టి మన అమ్మమ్మల నోట ‘మొగుడు వదిలేసింది’ అనే మాటే ఉండేది. నేను 1979లో, ఆ 1976 సవరణ కిందే, మా ఆయనతో కలిసి ఒకే బెంచీ మీద కూర్చొని, ఒకే కాగితం మీద సంతకం పెట్టి బయటికి వచ్చాను. ఆ తరువాత మా పెద్దవాణ్ణి బడిలో చేర్పించడానికి వెళ్తే, అక్కడి గుమాస్తా దరఖాస్తులో తండ్రి పేరు రాసుకొని, దాని పక్కన పెన్సిలుతో సన్నగా ‘తల్లిని వదిలేశాడు’ అని రాసుకున్నాడు. దాన్ని చెరిపేయమని నేను అడిగాను. ‘మా గుర్తు కోసమేనమ్మా’ అన్నాడు. ఇన్నేళ్ళ తరువాత మీ పరిచయ పత్రంలో అదే పెన్సిలు గీత కనిపించింది.

ఇక రెండో తప్పు. ఇది మొదటిదానికంటే పెద్దది. కథానాయిక నీటా టెక్సస్ రాష్ట్రంలో కార్పస్ క్రిస్టీ దగ్గరున్న గ్రెగరీ అనే చిన్న ఊళ్ళో టెలిఫోన్ ఆపరేటరు. ఊరి ఫోన్లను ఒకదానితో ఒకటి కలిపే బోర్డు ఆమె ఉండే ఇంట్లోనే, ముందు గదిలో ఉంటుంది. రాత్రీ పగలూ ఆ బోర్డు ఆమెదే. ఇంకేదైనా ఉద్యోగానికి మార్చమని ఆమె తన పై అధికారిని అడుగుతుంది. ఆ ఉద్యోగం ‘ఫ్రోజెన్’ అని అతను చెబుతాడు. మీ చిత్తుప్రతిలో ఆ మాటకు ‘నీ ఉద్యోగం ఆగిపోయింది’ అని రాశారు. చదివిన ప్రేక్షకుడు ఏమనుకుంటాడు? పాపం, ఆమె ఉద్యోగం పోయిందనుకుంటాడు. అసలు అర్థం దానికి నేరుగా వ్యతిరేకం. ఉద్యోగం పోలేదు, పోనివ్వరు. యుద్ధం అయ్యేదాకా ఆ కుర్చీలోంచి లేవడానికి వీల్లేదని అర్థం.

దీని వెనక ఒక ప్రభుత్వ యంత్రాంగమే ఉంది. 1942 ఏప్రిల్‌లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వార్ మ్యాన్‌పవర్ కమిషన్‌ను ఏర్పాటు చేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన ఉత్తర్వుతో, యుద్ధానికి అత్యవసరమని గుర్తించిన పనుల్లో ఉన్నవాళ్ళు ఎక్కువ జీతం కోసం మరో చోటికి మారకుండా కట్టడి బిగించారు. పాత యజమాని గాని, ప్రభుత్వ ఉపాధి కార్యాలయం గాని ‘ఈ మనిషిని తీసుకోవచ్చు’ అని కాగితం ఇస్తేనే కొత్త యజమాని తీసుకోవాలి. ఓడల కర్మాగారాల్లోనూ విమానాల కర్మాగారాల్లోనూ ఆడవాళ్ళు మంచి జీతాలు సంపాదిస్తున్న రోజులవి. చేతి రుమాలు తలకు కట్టుకొని కండ చూపిస్తున్న అమ్మాయి పోస్టరును మనం అందరం చూశాం. ఆ పోస్టరు చెప్పని సంగతి ఏమిటంటే, చిన్న ఊళ్ళో ప్లగ్గులూ తీగలూ పట్టుకొని కూర్చున్న ఆడమనిషికి ఆ కర్మాగారం గేటు దాకా వెళ్ళే అనుమతి కూడా దొరకడం కష్టమని. జీతం ఉండడమూ జైలు ఉండడమూ ఒకే కుర్చీలో కలిసిపోయాయి. ఈ చిత్రానికి మూలం అక్కడుంది. ఆ ఒక్క మాట తప్పుగా వెళితే మిగతా గంటన్నర చిత్రం ఒక ఒంటరి స్త్రీ, ఒక అందమైన నావికుడు, చీకట్లో తిరిగే ఒక ఆకారం, అంతే మిగులుతుంది.

విడాకులకూ ఈ కుర్చీకీ ఉన్న లంకె కూడా చెప్పాలి. 1943 అక్టోబరు సవరణ తరువాత, సైన్యంలో చేరిన మామూలు సిపాయి భార్యకూ ఇద్దరు పిల్లలకూ కలిపి నెలకు 100 డాలర్లు ఇంటికి వచ్చేవి. అందులో 22 డాలర్లు అతని జీతంలోంచి పట్టుకునేవారు, మిగతాది ప్రభుత్వం కలిపేది. విడాకులు తీసుకున్న మాజీ భార్యకు తన వంతు రావాలంటే కోర్టు భరణం ఇమ్మని తీర్పు చెప్పి ఉండాలి. టెక్సస్‌లో విడాకుల తరువాత శాశ్వత భరణం ఇప్పించే అధికారం కోర్టులకు 1995 దాకా లేదు. భర్త సైన్యంలో ఉన్నాడా లేదా అన్న ప్రశ్న పక్కన పెట్టినా, అక్కడ విడాకులు తీసుకున్న తల్లికి బోర్డు మీద వచ్చే జీతమే బియ్యం, అదే అద్దె, అదే పిల్లల చెప్పుల జత. యుద్ధంలో మనిషి ఉన్న ఇంటి కిటికీలో నీలం నక్షత్రం ఉన్న చిన్న జెండా వేలాడదీసేవారు. ఆ మనిషి చనిపోతే దాన్ని బంగారు రంగు నక్షత్రంగా మార్చేవారు. విడిపోయిన ఆడదాని కిటికీకి ఏ నక్షత్రమూ లేదు. వీధి నిండా దేశభక్తి ఉన్న రోజుల్లో, ఆ ఖాళీ కిటికీ లోపల ఒక పరాయి నావికుడు కనిపిస్తే ఊరు ఏమనుకుంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ సంగతులు ఎక్కడో చదివి అప్పజెబుతున్నానని మీరు అనుకోవచ్చు. కొంత చదివినదే. కొంత మాత్రం కూర్చొని తెలుసుకున్నది. నేను 1969లో ఉద్యోగంలో చేరాను. అంతకు ముందు ఏడాది సెప్టెంబరు 19న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సమ్మె జరిగి, తపాలా, టెలిఫోన్ లాంటి శాఖల్లో సమ్మెను నిషేధించే అత్యవసర సేవల చట్టం వచ్చి ఉంది. మా సీనియర్లు ఆ ముచ్చట్లే చెప్పుకునేవారు. 1971 డిసెంబరులో యుద్ధం మొదలైనప్పుడు నేను కోస్తాలో ఒక చిన్న ఊరి ఎక్స్ఛేంజిలో ఉన్నాను. పెద్దవాడికి అప్పుడు ఏడు నెలలు. సెలవులన్నీ రద్దయ్యాయి. విశాఖ తీరంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిందన్న కబురు వచ్చిన రోజుల్లో మా ఊళ్ళోనూ బ్లాకవుట్ పాటించారు. కిటికీ అద్దాలకు నల్ల కాగితం అంటించి, బల్బుకు గుడ్డ చుట్టి, ఆ మసక వెలుగులో బోర్డు చూసేవాళ్ళం.

ఆ బోర్డు ఎలా పనిచేసేదో మీ పిల్లలకు తెలియదు, వాళ్ళ తప్పేమీ లేదు. అవతల చందాదారు ఫోను పిడి తిప్పితే ఇక్కడ అతని నంబరు మీదున్న చిన్న రేకు ‘టక్’మని కింద పడుతుంది. వెనక వరుసలోని తీగ తీసి ఆ రంధ్రంలో గుచ్చాలి, మీట జరిపి ఏ నంబరు కావాలో అడగాలి, ముందు వరుసలోని జంట తీగను అవతలి నంబరులో గుచ్చి గంట మోగించాలి. మాట్లాడడం మొదలయ్యాక మీట మధ్యకు తెచ్చి బయటికి రావాలి. తేకపోతే మాటలన్నీ మన చెవిలోనే. తేవాలా వద్దా అన్నది ఆ మీట మీదున్న వేలికీ, ఆ వేలున్న మనిషి మనస్సాక్షికీ మధ్య వ్యవహారం. చీకట్లో రేకు కనబడేది కాదు, వినబడేది. ఏ శబ్దం ఏ వరుసలోదో నెల తిరిగేసరికి చెవికి తెలిసిపోయింది. ఆ చిత్రంలో నీటాగా నటించిన సిసీ స్పేసెక్ బోర్డు ముందు కూర్చున్నప్పుడు చూడండి; ఆమె కళ్ళకంటే ముందు మెడ తిరుగుతుంది. నటన గురించి నాకు తెలియదు గాని, ఆ మెడ నాకు తెలుసు.

ఒక రాత్రి, పన్నెండు మైళ్ళ అవతలి పల్లె నుంచి ఒక పెద్దావిడ కొడుకు కబురు కనుక్కోమని ఎక్స్ఛేంజికే వచ్చింది. కొడుకు విశాఖలో నౌకాదళంలో ఉన్నాడట. ట్రంకు లైన్లన్నీ రక్షణ శాఖ కాల్స్‌కే. అన్నిటికంటే ముందు కలిపే లైట్నింగ్ కాల్‌కు మామూలు ధరకు ఎనిమిది రెట్లు కట్టినా లైను ఇచ్చే వీలు లేదు. నేను ఆమెకు ఆ సంగతి చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. మా వరండాలో తెల్లవారేదాకా కూర్చొని, రేకు పడిన ప్రతిసారీ లేచి నిలబడింది. యుద్ధకాలంలో చిన్న ఊరి ఆపరేటరంటే ఊరికి సేవకురాలు మాత్రమే కాదు, ఊరి ఆశలకు తలుపు దగ్గర కాపలా కూడా. ఊరు ఆమెను ఎందుకు మంచి చేసుకుంటుందో, ఎందుకు అనుమానిస్తుందో ఇది తెలిస్తే తెలుస్తుంది. అందరి గుట్టూ ఆమె చెవిలో ఉందని ఊరికి తెలుసు. అలాంటి మనిషికే ఒక గుట్టు ఉంటే ఊరు ఊరుకోదు.

ఇప్పుడు నావికుడి సంగతి. సెలవు మీద వెళ్తూ, ఇంటికి ఫోను చేసుకోవడానికి అతను ఆమె ముందు గదిలోకి వస్తాడు. అతని జీవితంలోని చేదు కబురును ఆమె తన చేతులతోనే కలిపి ఇవ్వాల్సి వస్తుంది. ఈ ఇద్దరూ ఒకరినొకరు ఏమని పిలుచుకోవాలి? ఇంగ్లీషుకు ఈ బాధ లేదు. ‘యూ’ అంటే సరిపోతుంది. మీ చిత్తుప్రతిలో ఆమె అతన్ని మొదటి మాట నుంచీ ‘నువ్వు’ అంటుంది, అతను చివరిదాకా ‘మీరు’ అంటాడు. అతను వయసులో చిన్నవాడు కాబట్టి అలా రాశామని చెప్పారు. అలా రాస్తే తెలుగు చెవికి ఆమె అతని అక్క అయిపోతుంది. వాళ్ళ మధ్య జరిగేదంతా వింతగా, కాస్త తప్పుగా కూడా వినిపిస్తుంది. ఇద్దరూ ‘మీరు’తో మొదలుపెట్టనివ్వండి. పిల్లలు అతనికి చేరువయ్యాక, ముందు ఆమె నోట ‘నువ్వు’ రావాలి. ఆ ఇంట్లో అనుమతి ఇవ్వాల్సింది ఆమె. అతను ఒక రోజు ఆలస్యంగా అందుకోవాలి. ఊరి నోటికి భయపడి ఆమె అతన్ని వెళ్ళిపొమ్మన్నప్పుడు మీవాళ్ళు మళ్ళీ ‘మీరు వెళ్ళిపోండి’ అని రాశారు. వద్దు. ‘నువ్వు వెళ్ళిపో’ అనే ఉండాలి. ఆమె అతన్ని పంపించేస్తోంది, పరాయివాణ్ణి చేయడం లేదు.

పై అధికారి విషయంలో మాత్రం ‘నువ్వు’ తప్పదు. దాని ముందు ‘చూడమ్మా’ చేర్చమని నా కోరిక. మన ఆఫీసుల్లో ఆడవాళ్ళకు ‘కుదరదు’ అని చెప్పే ప్రతి వాక్యం ‘చూడమ్మా’తోనే మొదలవుతుంది. ఆమె జవాబులో ‘సార్’ ఉండాలి. ‘నీ ఉద్యోగం ఆగిపోయింది’ బదులు ‘చూడమ్మా, యుద్ధం అయ్యేదాకా నువ్వీ కుర్చీ వదలడానికి వీల్లేదు’ అని రాస్తే, తెర మీద రెండు వరుసలు అవుతుందని తెలుసు. అవనివ్వండి.

మీ పరిచయ పత్రంలో పెద్ద అక్షరాలతో ‘ఆ చింకి బట్టల మనిషి ఎవరు?’ అని ఉంది. గడ్డి కోసే యంత్రాన్ని ఈడ్చుకుంటూ ఊళ్ళో తిరిగే ఆ మనిషి పాత్రను నాటక రచయిత సామ్ షెపర్డ్ పోషించారు. అతనెవరో చెప్పి చూడబోయేవాళ్ళ సరదా చెడగొట్టను. అయితే మీరు ఈ చిత్రాన్ని థ్రిల్లర్ల వరుసలో వేయడం నాకు నచ్చలేదు. నిజం చెప్పాలంటే, ఆ తప్పులో చిత్రానికీ భాగముంది. పేరే అతని పేరు. చివరి అంకంలో కథ చీకట్లోకీ రక్తంలోకీ దిగిపోతుంది. విడుదలైనప్పుడే విమర్శకులు దాన్ని తప్పుపట్టారు, నేనూ వాళ్ళ పక్షమే. అంతసేపు ఒక స్త్రీ బతుకును అంత ఓపికగా చూపించి, ఆమె కష్టానికి పరిష్కారాన్ని మరొకరి చేతికి ఇవ్వడం నాకు మింగుడుపడలేదు. రెండోసారి చూసినప్పుడు ఒక్క విషయం తట్టింది. అది టెలిఫోన్ ఆఫీసు. ఎప్పుడు ఎవరు వచ్చి ఫోను చేసుకోవాలన్నా తీసి ఉంచాల్సిన ఇల్లు. నావికుడు లోపలికి వచ్చిన తలుపూ, తరువాత ఆపద వచ్చే తలుపూ ఒకటే. ఆ తలుపుకు గడియ పెట్టే స్వేచ్ఛను కూడా ఆ ఉద్యోగం ఆమెకు ఇవ్వలేదు. ఆ చివరి అంకాన్ని నేను క్షమించలేదు గాని, అది ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైంది.

కథ రాసిన విలియం విట్లిఫ్‌కు ఆ తలుపు బాగా తెలుసు. యుద్ధకాలంలో అదే గ్రెగరీలో టెలిఫోన్ ఆఫీసు నడిపిన, విడాకులు తీసుకున్న తల్లికి ఆయన కొడుకు. కళాదర్శకుడిగా పేరు తెచ్చుకున్న జాక్ ఫిస్క్ దర్శకత్వం వహించిన తొలి చిత్రమిది. స్పేసెక్ ఆయన భార్య, చిత్రం విడుదలైన 1981లోనే అంతకు కొన్ని నెలల ముందు ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకున్నారు. మీ పత్రంలో ఆస్కార్ ముచ్చట నాలుగు వరుసలుంది. విట్లిఫ్ తల్లి ముచ్చట ఒక్క వరుస కూడా లేదు. కొడుకు తల్లిని గుర్తు చేసుకొని రాసిన కథకు ‘మొగుడు వదిలేసిన ఓ ఆడది’ అని మనం పరిచయం రాస్తే, ఆ పరిచయాన్ని ఆ కొడుకుకు చదివి వినిపించగలమా అని ఆలోచించండి.

ప్రదర్శన తరువాత చర్చకు ఇద్దరు దర్శకులనూ, ఒక విమర్శకుణ్ణీ పిలిచారని విన్నాను. చాలా సంతోషం. వారితో పాటు చిత్రానికి ముందు ఒక పది నిమిషాలు, ఆ ‘ఫ్రోజెన్’ అన్న మాట గురించీ, ఆ బోర్డు గురించీ చెప్పడానికి ఎవరికైనా అవకాశం ఇవ్వండి. నన్నే పిలవమని అడగడం లేదు. మా శాఖలో రాత్రి డ్యూటీలు చేసిన ఆడవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్ళలో ఎవరు మాట్లాడినా నేను ముందు వరుసలో కూర్చొని వింటాను. పరిచయ పత్రాలు ఇప్పటికే అచ్చయి ఉంటే, ఆ మొదటి వాక్యం మీద అంటించడానికి చిన్న చీటీలు నా ఖర్చుతో అచ్చు వేయించి, నేనే వచ్చి అంటించి వెళ్తాను.

నేను దిద్దిన చిత్తుప్రతి మరో నకలు ఈ లేఖతో పాటు మీ కార్యాలయానికి పంపుతున్నాను. అందులో ఒక్క వరుసను మాత్రం కావాలనే ఖాళీగా వదిలేశాను. బోర్డు మీద రేకు పడగానే నీటా అనే మొదటి మాటను మీవాళ్ళు ‘దయచేసి సంఖ్య చెప్పండి’ అని తెలుగు చేశారు. మా బోర్డు దగ్గర మేం కూడా ‘నంబర్ ప్లీజ్’ అనే అనేవాళ్ళం. దాన్ని అలాగే ఉంచండి.

భవదీయురాలు,
ఒక విశ్రాంత టెలిఫోన్ ఆపరేటరు, మీ సొసైటీ సభ్యురాలు